జంటను వదలండి, చుట్టాన్ని పట్టుకోండి

ప్రశ్న: నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి శీతల గిడ్డంగిలో లెక్కలు రాస్తాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం, ఆ తర్వాత బీకాం. గత నెల బ్యాంకుకు రాసిన ఉత్తరంలో రుణం ‘అసలు’ అని చెప్పవలసిన చోట, ‘సూత్రం’ అనే అర్థం వచ్చే ప్రిన్సిపుల్ రాశాను. మా యజమాని ఆ వాక్యాన్ని ఆఫీసులో అందరి ముందూ చదివి వినిపించారు. ఆ రోజు నుంచి, చూడటానికి ఒకేలా ఉండే ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి ఫోనులో పెట్టుకుని రోజుకు ఇరవై జతల చొప్పున కంఠస్థం చేస్తున్నాను. మొత్తం ఐదు వందల జతలు. కానీ ఇదివరకు తడుముకోకుండా రాసే మాటలు కూడా ఇప్పుడు తప్పుతున్నాయి. నా జ్ఞాపకశక్తిలోనే లోపం ఉందా? మరో చిన్న సందేహం. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి ‘డెజర్ట్ అంటే ఎడారా, భోజనం తర్వాత తినే తీపి పదార్థమా?’ అని అడిగాడు. రెండూ అని చెప్పాను. సరిగానే చెప్పానా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా ఆ పట్టికను ఫోనులోంచి తీసివేయండి. మీ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను, ఇటువంటి పట్టికలు బట్టీ పట్టిన ప్రతి విద్యార్థికీ మీకు జరిగినదే జరుగుతుంది. ఒకే పోలికలున్న రెండు మాటలను పక్కపక్కన పెట్టి పది సార్లు చదివితే మనసులో నాటుకునేది ఆ పోలికే. పరీక్షలోనో ఉత్తరంలోనో ఒక మాట అవసరమైనప్పుడు రెండూ కలిసే పైకి వస్తాయి. ఏది ఏదో తేల్చుకోలేక చేయి ఆగిపోతుంది. అందుకే మొదట్లో బాగా వచ్చిన మాట కూడా జతలో చేరగానే పాడవుతుంది.

మీ యజమాని చేసిన పనికి నాకు బాధ కలిగింది. అక్షరం తప్పితే పిలిచి పక్కన కూర్చోబెట్టి చూపించాలి. అందరి ముందూ చదివి నవ్వించడం వల్ల ఎవరికీ భాష రాదు, భయం మాత్రమే వస్తుంది. ప్రిన్సిపుల్ అన్న మాట దగ్గర ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లు కూడా పొరబడతారు. అది మీ చదువుకు, మీ మాధ్యమానికి సంబంధించిన లోటు కాదు.

ఇక విషయానికి వద్దాం. ఈ చిక్కు ఇంగ్లీషుకే ఉందనుకోకండి. మన తెలుగులో ‘అర్థం’, ‘అర్ధం’ చూడండి. ఒకదాని కడుపులో చుక్క ఉంది, రెండోదానిలో లేదు. తేడా అంతే. పత్రికల్లో, శుభలేఖల్లో, పాఠశాల గోడల మీద కూడా ఈ రెండూ తారుమారవుతుంటాయి. అయినా మీరు ‘అర్ధరాత్రి’ రాసేటప్పుడు చుక్క పెట్టరు. ఎందుకని? అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు అన్నీ ‘సగం’ కుటుంబం. ‘సమర్థుడు’, ‘అర్థవంతం’, ‘అర్థశాస్త్రం’ వేరే ఇల్లు. అలాగే ‘సభకు విచ్చేసిన ఆహుతులు’ అని రాసేవారున్నారు. ఆ మాటకు ఆహ్వానం చుట్టమని తెలిసినవారు ‘ఆహూతులు’ అని దీర్ఘంతోనే రాస్తారు. ఆహుతికి చుట్టాలు హోమం, హవిస్సు. సభకు వచ్చినవారిని అగ్నిలో వేయడం ఎవరికి మాత్రం ఇష్టం?

ఇంగ్లీషు మాటలకూ ఇదే పద్ధతి. మాటను దానిలా కనిపించే మరో మాటతో జత కట్టవద్దు, దాని చుట్టంతో కలిపి గుర్తుపెట్టుకోండి. ఈ సలహా ఇంగ్లీషుకు మరీ బాగా పనిచేయడానికి కారణం ఉంది. తెలుగులో విన్నది విన్నట్టు రాస్తే చాలావరకు సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. విలియం కాక్‌స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లలో స్పెల్లింగులు అచ్చులో నెమ్మదిగా కుదురుకున్నాయి. జనం నాలుక మాత్రం ఆగలేదు, ఉచ్చారణ మారుతూనే పోయింది. పైగా లాటిన్ చదువుకున్న పండితులు కొన్ని మాటల్లో, ఎవరూ పలకకపోయినా, పుట్టుకను చూపించడానికి అక్షరాలు చేర్చారు. మీరు రోజూ రాసే అప్పు మాటనే తీసుకోండి. ‘డెట్’లో ‘బి’ పలకదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు కూడా. లాటిన్‌లోని ‘డెబిటుమ్’ను చూసి తర్వాత చేర్చారు. అయితే ఆ ‘బి’ మీ ఖాతా పుస్తకంలోనే మరోచోట నిండుగా పలుకుతోంది. ‘డెబిట్’! రశీదుకు ఇంగ్లీషులో రాసే ‘రిసీట్’లో పలకని ‘పి’ కూడా అంతే, ‘రిసెప్షన్’లో వినిపిస్తుంది. అంటే ఇంగ్లీషు స్పెల్లింగు ధ్వనిని సరిగా చూపకపోయినా చుట్టరికాన్ని చూపిస్తుంది. మనం చేయవలసిందల్లా ఆ చుట్టరికాన్ని చదవడం.

మిమ్మల్ని బాధపెట్టిన మాటతో మొదలుపెడదాం. ‘ఎ-ఎల్’తో ముగిసే ప్రిన్సిపల్ అంటే ‘ముఖ్యమైనది’. అది మొదట విశేషణం. ప్రధాన ఉపాధ్యాయుడిని కళాశాలలో ప్రిన్సిపల్ అన్నా, రుణంలో ప్రధానమైన మొత్తాన్ని ప్రిన్సిపల్ అన్నా, పక్కన ఉండవలసిన నామవాచకం రాలిపోయి విశేషణమే పేరుగా నిలిచింది. మన ‘అసలు’ను కూడా అలాగే వాడతాం కదా! ‘అసలు మొత్తం’ అనవలసిన చోట ‘అసలు’ అని ఊరుకుంటాం. బ్యాంకు పంపే వాయిదాల పట్టికలో వడ్డీ గడి పక్కన ఉండేది ఈ ప్రిన్సిపలే. ‘ఎల్-ఇ’తో ముగిసే ప్రిన్సిపుల్ అంటే నియమం, సూత్రం. ఆర్కిమెడిస్ సూత్రం, జీవితంలో పెట్టుకునే నియమం, ఇవే దాని అర్థాలు. అది ఎప్పుడూ నామవాచకమే, దేనికీ విశేషణం కాదు. నియమాన్ని ఇంగ్లీషులో ‘రూల్’ అంటాం, దాని చివర కూడా ‘ఎల్-ఇ’నే. చాలా పుస్తకాల్లో ‘ప్రిన్సిపల్ మీకు పాల్, అంటే స్నేహితుడు’ అని ఒక చిట్కా ఇస్తారు. అది బడి పిల్లలకు పనికొస్తుందేమో గాని, బ్యాంకుకు ఉత్తరం రాసేవారికి పనికిరాదు. అప్పు ఎవరికీ స్నేహితుడు కాదు.

మీలాంటివారికి రెండో పెద్ద చిక్కు అఫెక్ట్, ఎఫెక్ట్. ఈ రెండింటి మీద పేజీలకు పేజీలు రాసి పెట్టినవి ఉన్నాయి, అవన్నీ మీకు అక్కర్లేదు. ఆఫీసు ఉత్తర్వుల్లో తేదీకి ముందు ‘డబ్ల్యు.ఇ.ఎఫ్.’ అని ఉంటుంది చూశారా? ఫలానా తేదీ నుంచి అమలు అని చెప్పే ఆ మూడు అక్షరాల్లో నడిమి ‘ఇ’ ఎఫెక్టే. మందుల సైడ్ ఎఫెక్టు, సినిమాల్లో సౌండ్ ఎఫెక్టు, అన్నీ ‘ఇ’తోనే. ఇవన్నీ నామవాచకాలు: ఫలితం, ప్రభావం. క్రియ కావలసి వస్తే, అంటే ఒకటి మరొకదాని మీద ప్రభావం ‘చూపింది’, దానిని ‘దెబ్బతీసింది’ అని చెప్పాలంటే, ‘ఎ’తో మొదలయ్యే అఫెక్ట్. ‘అకాల వర్షం మిర్చి దిగుబడిని దెబ్బతీసింది’ అన్న వాక్యంలో అఫెక్ట్ వస్తుంది. ‘వర్షం ప్రభావం ధర మీద కనిపించింది’ అన్నప్పుడు ఎఫెక్ట్. నూటికి తొంభై చోట్ల ఇది చాలు. మీ వృత్తిలో ఎదురయ్యే మినహాయింపు ఒకటుంది. చెల్లింపు ‘జరపడం’, మార్పు ‘తీసుకురావడం’ అన్న అర్థంలో ‘ఇ’తో ఉన్న ఎఫెక్టే క్రియగా వస్తుంది. బ్యాంకు ఉత్తరాల్లో కనిపిస్తే అది అచ్చుతప్పు అనుకుని దిద్దకండి.

స్టేషనరీ గురించి మాత్రం నేను కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఈ మాటంటే నాకు ఇష్టం. మన ఊళ్లలో జిరాక్సు దుకాణాల బోర్డులు గమనించండి. ఎన్నో బోర్డుల మీద ఈ మాట ‘ఎ-ఆర్-వై’తో ముగుస్తుంది. అలా రాస్తే ‘కదలకుండా నిలిచి ఉన్నది’ అని అర్థం. కాగితాలు, కలాలు అమ్మే చోటుకు ‘ఇ-ఆర్-వై’ ఉండాలి. మా వీధి చివర దుకాణానికి బోర్డు రాస్తున్న రోజున నేను అటుగా వెళ్లాను. పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు, సుద్దతో అక్షరాలు గీసుకున్నాడు, ఎర్ర రంగు డబ్బా కొక్కేనికి వేలాడుతోంది. ఆ అక్షరం దగ్గరకు వచ్చి ఆగాడు. ‘అయ్యా, ఇక్కడ ఎ పెట్టాలా, ఇ పెట్టాలా? ఒక్కో దుకాణంవారు ఒక్కోలా రాసిస్తారు’ అని అడిగాడు. పక్కనే ఉన్న బేకరీ బోర్డు చూపించాను. అదీ ఆయన రాసినదే. రొట్టెలు చేసేవాడు బేకర్, ఆయన కొట్టు బేకరీ. సరుకులు అమ్మేవాడు గ్రోసర్, ఆయన దగ్గర దొరికేది గ్రోసరీ. కాగితాలు అమ్మేవాడు స్టేషనర్, ఆయన దగ్గర దొరికేది స్టేషనరీ. మూడింటిలోనూ ‘ఇ-ఆర్’. ఆయన బేకరీ బోర్డు వంక ఒకసారి చూసి, సుద్ద గీతను బొటనవేలితో చెరిపి, ‘ఇ’ గీశాడు.

ఈ కథకు వెనక మరో కథ ఉంది. స్టేషనర్ అన్న పేరు ఎందుకొచ్చిందో తెలుసా? మధ్యయుగాల ఐరోపాలో సరుకులు ఊరూరా తిప్పి అమ్మేవారే ఎక్కువ. పుస్తకాలు అమ్మేవారు మాత్రం, ముఖ్యంగా విశ్వవిద్యాలయాల దగ్గర, ఒకే చోట కొట్టు పెట్టుకుని కూర్చునేవారు. అలా ‘నిలిచి ఉన్న వ్యాపారి’ కాబట్టి స్టేషనర్. లండన్‌లో వీరికి 1403లోనే ఒక సంఘం ఏర్పడింది, 1557లో రాజశాసనం కూడా వచ్చింది. అంటే మనం తికమక పడే ఆ రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలు! రైళ్లు ఆగే స్టేషన్ కూడా ఆ ఇంటిదే. ఇది తెలిశాక ఆ రెండు మాటలు ఒకేలా ఎందుకున్నాయన్న విసుగు పోతుంది. అన్నదమ్ములకు పోలికలు ఉండవా మరి?

మీరు తెలుగు మాధ్యమంలో చదవడం లాభించే చోటు కూడా ఒకటి చూపిస్తాను. కాంప్లిమెంట్ అన్న మాట రెండు రకాలుగా రాస్తారు, మధ్యలో ‘ఇ’తో ఒకటి, ‘ఐ’తో ఒకటి. మీ తొమ్మిదో తరగతి లెక్కల్లో పూరక కోణాలు గుర్తున్నాయా? రెండూ కలిపితే 90 డిగ్రీలు కావాలి. ఒకటి రెండోదానిని పూరిస్తుంది, పూర్తి చేస్తుంది. ఇంగ్లీషులో వాటిని పిలిచే మాటలో ‘ఇ’ ఉంటుంది, పూర్తి అని చెప్పే ‘కంప్లీట్’లో ఉన్న ‘ఇ’నే. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు ఆ కోణాల పేరును అర్థం తెలియకుండానే వల్లిస్తారు. మీకు ‘పూరక’ అన్న మాటతోనే అర్థం చేతికి వచ్చేసింది. ‘ఐ’తో ఉన్నది మెచ్చుకోలు, మర్యాద. పెళ్లి శుభలేఖల అడుగున బంధుమిత్రుల పేర్లకు ముందు అచ్చువేసే కాంప్లిమెంట్స్ అదే. డబ్బు తీసుకోకుండా గౌరవంగా ఇచ్చే పుస్తకం ప్రతికీ ఆ ‘ఐ’నే రాయాలి.

కౌన్సిల్, కౌన్సెల్ సంగతి మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ పిల్లలున్న ఇళ్లన్నిటికీ తెలుసు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రాశాక వెళ్లేది కౌన్సెలింగ్. అందులో ‘ఎస్-ఇ-ఎల్’, అంటే సలహా. కోర్టులో వాదించే న్యాయవాదిని కౌన్సెల్ అనడమూ ఆ సలహా వల్లనే. కౌన్సిల్ అంటే సభ, అందులో ‘సి-ఐ-ఎల్’. శాసనమండలి, పురపాలక సంఘం ఈ కోవలోవి. మీ వార్డు నుంచి గెలిచినవారు కౌన్సిలర్, మీ అబ్బాయికి ఏ కోర్సు మంచిదో చెప్పేవారు కౌన్సెలర్.

ఇంతవరకు కంటికి సంబంధించిన పొరపాట్లు. మనవాళ్లకు ప్రత్యేకంగా చెవి చేసే మోసం మరొకటుంది, దాన్ని ఈ పట్టికలు ఏవీ చెప్పవు. ఇంగ్లీషులో ‘ఎస్’, ‘జెడ్’ ధ్వనులు వేరు. తెలుగులో ఆ ‘జెడ్’ ధ్వని లేదు, దాని స్థానంలో ‘జ’ వాడుకుంటాం. అంతటితో ఆగితే ఇబ్బంది ఉండేది కాదు. ‘ఎస్’ పలకవలసిన కొన్ని మాటలనూ ‘జ’తోనే మనవి చేసుకున్నాం. ‘చొక్కా లూజుగా ఉంది’ అంటాం. వదులు అన్న అర్థంలో ఇంగ్లీషువారు పలికేది ‘లూస్’. ‘లూజ్’ అని పలికితే అది ‘పోగొట్టుకోవడం’. మనం వదులును కూడా లూజు అన్నాం కనుక రెండు మాటలూ మన చెవిలో ఒకటైపోయాయి. అందుకే పోగొట్టుకోవడం రాయవలసిన చోట రెండు ‘ఓ’లు పడుతుంటాయి. మీ లాభనష్టాల ఖాతా చూడండి. నష్టానికి రాసే ‘లాస్’లో ఒకటే ‘ఓ’ ఉంది. పోగొట్టుకోవడం దాని చుట్టం, దానికీ ఒకటే ‘ఓ’. వదులుకు రెండు.

సలహాదీ ఇదే కథ. నామవాచకమైతే ‘అడ్వైస్’, ‘సి’తో. సలహా ఇవ్వడం అన్న క్రియ అయితే ‘అడ్వైజ్’, ‘ఎస్’తో. మనం రెంటినీ అడ్వైజు అనే అంటాం. నాలుకను దిద్దుకుంటే చేయి దానంతట అదే దిద్దుకుంటుంది. నామవాచకాన్ని ఐస్‌క్రీములోని ఐస్‌తో కలిపి పలకండి, స్పెల్లింగు చివర కూడా ఆ ఐస్ అక్షరాలే ఉన్నాయి. బ్రిటిష్ పద్ధతిలో ప్రాక్టీసు, లైసెన్సు కూడా ఇలాగే నామవాచకానికి ‘సి’, క్రియకు ‘ఎస్’ తీసుకుంటాయి, ఉచ్చారణలో తేడా లేకపోయినా సరే. అమెరికాలో ప్రాక్టీసును రెండు చోట్లా ‘సి’తో, లైసెన్సును రెండు చోట్లా ‘ఎస్’తో రాస్తారు. మన ఆఫీసులు, బ్యాంకులు చాలావరకు బ్రిటిష్ పద్ధతినే అనుసరిస్తాయి కనుక మీరు దానినే పట్టుకోండి. అమెరికాలో ఉన్న మీ బంధువు వేరుగా రాస్తే అదీ ఒప్పే.

డైరీ, డెయిరీ విషయం రెండు మాటల్లో చెబుతాను. రోజువారీ రాసుకునే పుస్తకం లాటిన్‌లో పగటికి ఉన్న ‘డియేస్’ నుంచి వచ్చింది, అందుకే ‘డి’ తర్వాత ‘ఐ’. మన సంస్కృతంలోని ‘దివ’ కూడా దానికి దూరపు చుట్టమే. పాల డెయిరీలో ‘డి’ తర్వాత ‘ఎ’, ఆపైన ‘ఐ’. పర్సనల్, పర్సనెల్ ఇంకా సులువు. సొంతం, వ్యక్తిగతం అయితే ఒక ‘ఎన్’. సిబ్బంది అయితే రెండు ‘ఎన్’లు, మాట చివర ఊత పెట్టి, అంటే నొక్కి, పలకాలి.

వీటికి పూర్తిగా భిన్నమైన తప్పులు కొన్ని ఉన్నాయి. ‘నుంచి’ అని చెప్పే ఫ్రమ్, నింపే ఫారమ్, ఈ రెండింటిలోనూ అవే నాలుగు అక్షరాలు, చోటు మారతాయి. మేనేజర్ అని కొట్టబోతే మధ్య ‘ఎ’ జారిపోయి మిగిలేది ‘మేంజర్’, అంటే పశువులకు మేత వేసే తొట్టి. ఇవి మీకు తెలియక చేసే తప్పులు కావు, వేళ్లు చేసేవి. కంప్యూటర్ వీటి కింద ఎర్ర గీత గీయకపోవచ్చు, ఎందుకంటే తొట్టి కూడా నిఘంటువులో ఉన్న మాటే. వీటికి కంఠస్థం మందు కాదు. ఉత్తరం పూర్తయ్యాక లేచి మంచినీళ్లు తాగి వచ్చి, కాగితం మీద అచ్చు తీసుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా బయటకు చదవండి. బ్యాంకు మేనేజరును తొట్టి అని పిలిచే ప్రమాదం అక్కడే తప్పుతుంది.

ఇక మీరు చేయవలసింది. ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. గత ఏడాది మీరు రాసిన ఉత్తరాలు ముందు పెట్టుకుని, నిజంగా మీరు తడబడిన మాటలు ఏవో ఏరండి. పది పన్నెండుకు మించవని నా నమ్మకం. ఒక్కో మాటకు ఒక్కో పేజీ. పైన మాట, దాని కింద దాని చుట్టాలు, ఆ కింద మీ ఆఫీసులోంచే ఒక వాక్యం: మీ రుణం, మీ మిర్చి బస్తాలు, మీ వాయిదా. ఆ పేజీలో దానిలా కనిపించే రెండో మాటను పొరపాటున కూడా రాయకండి. మొదటిది చేతికి అలవాటయ్యాక, ఒక వారమో రెండు వారాలో ఆగి, రెండోదానికి మరో పేజీ తెరవండి. ప్రిన్సిపల్ మీకు రోజూ పనికొస్తుంది కనుక దానితో మొదలుపెట్టండి. నియమానికి ఉన్న ప్రిన్సిపుల్ మీ ఉత్తరాల్లో ఏడాదికి ఒకసారి కూడా రాకపోవచ్చు, దానికి తొందర లేదు.

మీ అబ్బాయి ప్రశ్న మిగిలింది. చెవికి మనం రెంటినీ డెజర్ట్ అనే అంటాం కాబట్టి మీరు చెప్పినది తప్పు కాదు, కాని స్పెల్లింగులు వేరు. ఎడారికి ఒక ‘ఎస్’, పలికేటప్పుడు ఊత మొదట: డెజర్ట్. తీపి పదార్థానికి రెండు ‘ఎస్’లు, ఊత చివర: డిజర్ట్. ఫ్రెంచిలో భోజనం బల్ల మీద గిన్నెలన్నీ తీసివేయడాన్ని ‘దెసెర్విర్’ అంటారు. వడ్డనకు వాడే సర్వ్‌కు ముందు, తీసివేతను సూచించే ‘డెస్’ చేరింది. దాని ‘ఎస్’ ఒకటి, సర్వ్‌లోని ‘ఎస్’ ఒకటి. అలా బల్ల శుభ్రం చేశాక వచ్చేది కనుక ఆ తీపికి ఆ పేరు. ఈ రాత్రి భోజనాలయ్యాక కంచాలు తీసేసి వాడి చేతిలో ఒక పూతరేకు పెట్టి ఈ కథ చెప్పండి. ఎడారి మాట మాత్రం ఇప్పుడే ఎత్తకండి, వచ్చే వారం ఆగి చెప్పండి.